ఎడమచేతి యాక్సిలరేటర్

మొగల్తూరు,
జూన్ 2023

ఒరేయ్ గణేషూ,

నీకు ఫోన్ చేస్తే లేతు మిషన్ల హోరులో సగం వినబడదు. మిగతా సగం వినబడనట్టు నటిస్తావు. మెసేజ్ పెడితే నెలకోసారి చూస్తావు. అందుకే ఈ కాగితం పాత కేబుల్‌తో పాటు డబ్బాలో పెట్టి పంపుతున్నాను. డబ్బా అయితే విప్పక తప్పదుగా.

నువ్వు కోయంబత్తూరులో కోసి, వెల్డింగ్ చేసి పంపిన ముందు చక్రాల ఆర్మ్‌లు బిగించాం. రెండు పక్కలా కలిపి నా నాలుగు చక్రాల క్వాడ్ బండి జానెడు వెడల్పు పెరిగింది. పేరుపాలెం బీచిలో తడి ఇసుక మీద గట్టిగా మలుపు తిప్పితే ఇదివరకు లోపలి చక్రం గాల్లోకి లేచేది కదా, ఇప్పుడు నాలుగూ నేల మీదే ఉంటున్నాయి. తయారు చేసిన జపాన్ వాడు చూస్తే నీకు ఉద్యోగం ఇస్తాడు. మా రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే చిట్టియ్య దాని చుట్టూ తిరిగి చూసి, "ఆయ్, ఇప్పుడు అచ్చం పీతలాగుందండి రాజుగారూ" అన్నాడు. అప్పటి నుంచి ఊళ్ళో దాని పేరు పీతబండి.

ఒక్కటే తంటా. యాక్సిలరేటర్ బిగుసుకుపోతోంది. ఈ బండికి బొటనవేలితోనే నొక్కాలని నీకు తెలుసు. సరుగుడు తోటల చివరికి వెళ్ళేసరికి నా కుడి బొటనవేలు ఇక నొక్కనని మొరాయిస్తోంది. సముద్రపు గాలికి కేబుల్ లోపల ఉప్పు పట్టిందని నా అనుమానం. నూనె పోశాను, లాభం లేదు. పాతది విప్పి చూసి, కొత్తది చేసి పంపు.

పాలిటెక్నిక్ చదివే రోజుల్లో మా నాన్న స్కూటర్ ఇంజను విప్పి, మళ్ళీ బిగించడం చేతకాక, గోనెసంచిలో వేసి ఇంటికి మోసుకెళ్ళింది మనమేనంటే కీర్తిప్రియ నమ్మడం లేదు. మొగుడి మాట మీద బొత్తిగా నమ్మకం లేదు. నువ్వే సాక్ష్యం రాయాలి.

నీ
సూర్యతేజ


కోయంబత్తూరు,
జూలై 2023

మహారాజశ్రీ సూర్యతేజ రాజుగారి దివ్యసముఖానికి నరసాపురం గణేష్‌బాబు చేతులు కట్టుకుని విన్నవించుకునేది:

తమరి కేబుల్ అందింది. నిలువునా కోసి చూశాను. ఉప్పు లేదు, తుప్పు లేదు. లోపలి తీగ చిటికెన వేలితో లాగితే వచ్చేసింది. కాబట్టి తప్పు కేబుల్‌ది కాదు. చెరువు గట్టు మీద కుర్చీ వేసుకుని, ఫోన్‌లో రొయ్య రేటు చూసుకోవడం తప్ప వేరే పని లేని బొటనవేలిది. కొవ్వెక్కిందిరా నీకు.

అయినా ప్రభువులు అడిగాక కాదనలేం. లోపల టెఫ్లాన్ గొట్టం ఉన్న కేబుల్ చేశాను. కార్బురేటర్‌లోకి మెత్తటి స్ప్రింగు పంపుతున్నాను. వేలితో నొక్కే పలకను అంగుళం పొడుగు చేశాను, ఇక పసిపిల్లాడు కూడా నొక్కుతాడు. ఒక్క జాగ్రత్త. స్ప్రింగు మెత్తబడింది కాబట్టి వేలు తీసినప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో ఎక్కిన ప్రతిసారీ చూసుకో. రాకపోతే బండి నిన్ను తీసుకుని నేరుగా సముద్రంలోకి పోతుంది. మీ అమ్మ సుభద్రమ్మగారికి నేను సమాధానం చెప్పుకోలేను.

చెల్లెమ్మకు చెప్పు, గోనెసంచి సంగతి నిజమే. మోసింది మాత్రం నేనొక్కణ్ణే. రాజుగారు వెనకాల నడిచారు.

తమ విధేయుడు
గణేష్‌బాబు


మొగల్తూరు,
అక్టోబరు 2023

ఒరేయ్ గణేషూ,

నీ కేబుల్ ఒక నెల స్వర్గం చూపించింది. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు బొటనవేలు ఒక్కటే కాదు, ముందు బ్రేకు పట్టుకుంటే పిడికిలి బిగియడం లేదు. బాగా ఆలోచించి అసలు కారణం కనిపెట్టాను. తప్పు హ్యాండిల్‌ది. చక్రాలు వెడల్పయ్యాక గుంటల్లో దెబ్బంతా హ్యాండిల్‌కే తగులుతోంది. ఆ వణుకు చేతికెక్కుతోంది, ఎక్కింది దిగడం లేదు. ఇంటికొచ్చి కూర్చున్నా భుజం కండ దానంతటదే అదురుతూ ఉంటుంది, చర్మం కింద రొయ్యపిల్ల ఆడుతున్నట్టు. కీర్తికి చూపిస్తే నవ్వి, "ఇంకేం, ఆ బండి మీదే పడుకోండి, సరిపోద్ది" అంది.

మొన్న మేత బకెట్టు చేతిలోంచి జారి చెరువులో పడింది. చిట్టియ్య దూకి తీసి, "పట్టు తప్పిందాండి?" అన్నాడు. వాడికి స్టీరింగ్ వణుకు గురించి అరగంట పాఠం చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నాడు.

హ్యాండిల్ తన్నకుండా ఆపే డాంపర్ ఒకటి ఉంటుందట. అది కావాలి. నువ్వు చెయ్యలేకపోతే ఎక్కడైనా దొరికితే కొని పంపు.

ఇంకో విషయం చెబితే నవ్వుతావు. ఈ మధ్య నా చొక్కా గుండీలు కీర్తే పెడుతోంది. పెళ్ళయి పన్నెండేళ్ళు అయ్యాక పట్టిన వైభోగం.

నీ
తేజ


కోయంబత్తూరు,
నవంబరు 2023

మహారాజశ్రీ రాజుగారికి,

గుండీలు పెట్టించుకునే వయసొచ్చాక ఇంకా బండి మోజెందుకండీ? మడతమంచం ఒకటి చేసి పంపమంటారా?

డాంపర్ పంపుతున్నాను. ఎవరిదో రేసు బండిది, పాతదే, సీళ్ళు మార్చాను. దాంతో పాటు హ్యాండిల్ కింద వేసుకోవడానికి రబ్బరు బుష్‌లు కూడా తయారు చేశాను. ఇవి బిగించాక ఇంజను వణుకు కూడా చేతికి రాదు. నీ భుజం అదురు పోవడానికి నాదీ హామీ. పోకపోతే నా షాపు బోర్డు పీకేస్తాను.

ఉత్తరం ట్రాక్టర్ మీద కూర్చుని రాశావా? అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మన డ్రాయింగ్ మాస్టారు చంద్రరావుగారు చూస్తే గోడకుర్చీ వేయించేవారు. ఆయన మెచ్చుకున్న చేతిరాత నీదొక్కడిదే, దాన్నైనా కాపాడుకో.

ఇక్కడ వానలు. మన వైపు చేపల పులుసు కలలోకొస్తోంది. తీరిక చేసుకుని ఒకసారి కోయంబత్తూరు రా, రేసు ట్రాక్ చూపిస్తాను.

గణేష్‌బాబు


మొగల్తూరు,
ఫిబ్రవరి 2024

గణేష్,

డాంపర్ బాగుంది. థాంక్స్.

యాక్సిలరేటర్ ఎడమ పక్కకు మార్చాలి. క్లచ్ తీసేసి, దానంతట అదే పడేది పెట్టాలి. అప్పుడు ఎడమ లివరు ఖాళీ అవుతుంది కాబట్టి బ్రేకు దానికి కలపొచ్చు. కొలతలు వెనక ఉన్నాయి. ఎందుకని అడగకు.

కోయంబత్తూరు ఇప్పుడు రాలేను, రొయ్య పట్టుబడి ఉంది. ఫోన్ చెయ్యొద్దు. చెరువుల దగ్గర సిగ్నల్ ఉండటం లేదు.

తేజ


కోయంబత్తూరు,
ఫిబ్రవరి 2024

తేజా,

థాంక్స్ ఏంట్రా? నువ్వు నాకు ఎప్పుడైనా థాంక్స్ చెప్పావా?

కుడిచెయ్యి ఉన్నవాడు యాక్సిలరేటర్ ఎడమ పక్కకు ఎందుకు అడుగుతాడు, బ్రేకు కూడా ఎడమకే ఎందుకు కలపమంటాడు అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నీ డబ్బాల్లో వచ్చిన కాగితాలు తీసి మళ్ళీ చదివాను. బొటనవేలు నొక్కడం లేదన్నావు. పిడికిలి బిగియడం లేదన్నావు. బకెట్టు జారిందన్నావు, గుండీలు కీర్తిప్రియ పెడుతోందన్నావు. ఇందులో ఒక్కదానికీ బండితో సంబంధం లేదు. కేబుల్ బాగానే ఉందని నేనే రాశాను. అప్పుడైనా నాకు వెలగాలి. నేను జోకులు వేశాను.

ఏం జరుగుతోందో రాయి. రాసేదాకా ఒక్క బోల్టు కూడా పంపను.

గణేష్


మొగల్తూరు,
మార్చి 2024

గణేషూ,

ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. పోయిన ఉత్తరమూ అంతే. ఓపిగ్గా చదువు.

డిసెంబరులో కీర్తి పట్టుబట్టి హైదరాబాదు తీసుకెళ్ళింది. చేతికి సూదులు గుచ్చి, కరెంటు పెట్టి చూశారు. మెదడు నుంచి కండలకు కబురు మోసే నరాలు చచ్చిపోతున్నాయట. మోటార్ న్యూరాన్ జబ్బు అంటారు. కుడిచెయ్యి అయిపోవచ్చింది. తర్వాత ఎడమచెయ్యి, కాళ్ళు, మాట, మింగడం, చివరికి ఊపిరి. ఏది ముందు పోతుందో చెప్పలేమన్నారు. మందు లేదు.

డాక్టరు మంచివాడు, మన వయసే ఉంటుంది. "మొదట ఎప్పుడు గమనించారండి?" అని అడిగాడు. జూన్‌లో యాక్సిలరేటర్ బిగుసుకుందని కేబుల్ మార్పించానండి అన్నాను. తర్వాత డాంపర్ వేయించానని కూడా చెప్పాను. ఆయన రాయడం ఆపి నా మొహం చూశాడు. కీర్తి బయటికెళ్ళిపోయింది.

నీకు ఏ ఆలోచన వస్తుందో నాకు తెలుసు. ఆ ముక్క నేను అడిగాను. ఆర్నెల్ల ముందు వచ్చి ఉంటే ఏమైనా తేడా ఉండేదా అని. లేదండి, ఏమీ ఉండేది కాదు అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమో మరి. నిజమే అనుకుంటున్నాను, నువ్వు కూడా అనుకో.

అమ్మకు నరాల బలహీనత అని మాత్రం చెప్పాం. పూటకో కోడిగుడ్డు మింగిస్తోంది. నా మాట కొంచెం ముద్దగా వస్తోంది, అందుకే ఫోన్ వద్దన్నాను. సిగ్నల్ బాగానే ఉంది.

ఒరేయ్, ఇంట్లో అందరూ నన్ను కూర్చోబెడుతున్నారు. లేస్తే పట్టుకుంటున్నారు. మెట్టు దిగితే నలుగురు పరిగెత్తుకొస్తున్నారు. పీతబండి మీద ఉన్నంతసేపు నా కాళ్ళు ఎలా ఉన్నాయని ఎవరూ చూడరు. నాకది ఇంకొన్నాళ్ళు కావాలి. ఎడమచెయ్యి ఇంకా బాగానే ఉంది. దానికి తగ్గట్టు చేసిపెట్టు. నిన్ను తప్ప ఇంకెవర్ని అడగను?

నీ
తేజ


కోయంబత్తూరు,
మార్చి 2024

తేజా,

నీ ఉత్తరం షాపులో నిలబడి చదివాను. కుర్రాళ్ళు మిషన్లు ఆపేసి నా చుట్టూ చేరారు. నేను ఏడుస్తున్నానని వాళ్ళు చూసేదాకా నాకు తెలియలేదు.

భుజం అదురు పోతుందని హామీ రాశాను నీకు, రబ్బరు బుష్‌లు వేసి. స్ప్రింగు మెత్తగా చేశాను. పలక పొడుగు చేశాను. నీకు బలం తగ్గిన కొద్దీ బండిని తేలిక చేసుకుంటూ వచ్చాను. మరొకడైతే "చెయ్యి ఎవరికైనా చూపించుకోరా" అనేవాడు. నేను కొవ్వెక్కిందన్నాను. డాక్టరు ఏమన్నా సరే, ఆ మాట మాత్రం నన్ను వదలదు.

చేస్తాను. యాక్సిలరేటర్, బ్రేకు ఎడమకు మారుస్తాను. క్లచ్ తీసేస్తాను. నడుము ఆనుకోవడానికి వెనక పట్టె పెడతాను. కానీ ఈసారి డబ్బాలో పంపను. నేనే తెచ్చి నా చేత్తో బిగిస్తాను. వద్దని రాయకు, రాసినా వస్తాను.

గణేష్


మొగల్తూరు,
మే 2024

ఒరేయ్ గణేషూ,

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నువ్వున్నన్ని రోజులూ మనం జబ్బు మాట ఎత్తలేదని కీర్తికి ఆశ్చర్యం. "అంతసేపు ఆ బండి కింద దూరి ఏం మాట్లాడుకున్నారండీ ఇద్దరూ?" అంది. చైను బిగువు గురించి అన్నాను. నిజమేగా. నువ్వు మా అమ్మ వడ్డించిన చేపల పులుసు తింటూ కళ్ళు తుడుచుకోవడం మాత్రం అందరూ చూశారు. కారమని అబద్ధమాడావు, అమ్మ నొచ్చుకుంది.

నిన్న బీచికి వెళ్ళాను. చిట్టియ్య, కీర్తి ఎక్కించారు. పడితే ఇంజను ఆగిపోవడానికి నువ్వు పెట్టిన తాడు నడుముకు కట్టుకున్నాను. ఎడమ బొటనవేలితో మొదట తడబడ్డాను, తర్వాత అలవాటైపోయింది. పోటు మొదలవుతోంది. నీళ్ళు చక్రాల కిందికి వచ్చి వెళ్తున్నాయి. సరుగుడు తోటలు దాటి, పడవలు లాగిపెట్టే చోటు దాటి, మనుషులు కనబడనంత దూరం పోయాను. అక్కడ అరిచాను. ఎంత గట్టిగా అరిచానో చెప్పలేను. అరుపులో మాట ముద్దగా ఉందో లేదో ఎవరికీ తెలియదు. చాలా రోజుల తర్వాత సుఖంగా అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు కుడికాలు రెండుసార్లు జారింది. పాదాలను పట్టీలతో బండికి కట్టే ఏర్పాటు చెయ్యమంటే నువ్వు ఆ రోజు వద్దన్నావు. మళ్ళీ అడుగుతున్నాను.

నీ
తేజ


కోయంబత్తూరు,
జూన్ 2024

తేజా,

కట్టను. బండి తిరగబడితే నువ్వు దాని కిందే ఉండిపోతావు. ఏదైనా అడుగు, అది అడగకు.

పాదం పక్కకు పోకుండా చుట్టూ అంచు ఉన్న పెద్ద పలకలు చేశాను. లోపల గరుకు కాగితం అంటించాను. వీటితో జారదు. ఒంటరిగా అంత దూరం వెళ్ళకు. అరవాలంటే దగ్గర్లోనే అరిచేయ్, ఎవడేమనుకుంటే నీకేంటి?

గణేష్


మొగల్తూరు,
ఆగస్టు 2024

గణేషూ,

కాగితం వెనక కొత్త కొలతలున్నాయి. చూడగానే నావి కావని నీకు తెలిసిపోతుంది. కీర్తివి. ఉంగరం చేయిస్తానని చెప్పి బొటనవేలు కొలిచాను. మోచేతి దాకా ఎందుకండీ అని అనుమానపడింది. అప్పుడు చెప్పేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

యాక్సిలరేటర్, బ్రేకు మళ్ళీ కుడి పక్కకు మార్చు. హ్యాండిల్ దగ్గరికి తీసుకురా, సీటు కిందికి దించు. క్లచ్ ఇప్పుడున్నట్టే ఉండనీ, నేర్చుకోవడానికి తేలిక. ఎంత నొక్కినా వేగం ఒక హద్దు దాటకుండా స్క్రూ పెట్టు. ముందు ఆర్మ్‌లు పాతవే కావాలి. వెడల్పు బండి బీచికి బాగుంది గానీ చెరువు గట్టు మీద సరిపోదు. కొలతకని పంపిన పాతవి నీ దగ్గరే ఉన్నాయిగా.

నాకు అన్నదమ్ములు లేరు, నాన్న లేరు. కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే చక్రాలు ఆగితే గాలి చాలక రొయ్య పైకి తేలిపోతుంది, ఎవరైనా వెంటనే వెళ్ళి జనరేటర్ వేయించాలి. చిట్టియ్య ఎంత మంచివాడైనా, అడిగేవాళ్ళు లేని చెరువు నిలబడదు. వానాకాలం గట్టు మీద స్కూటీ జారిపోతుంది, దీనికి నాలుగు చక్రాలు. కీర్తి దీని మీద వెళ్ళాలి.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు చెరువు గట్టు ఎక్కింది లేదు. అమ్మ పెళ్ళయి వచ్చాక మా చెరువుల్ని కారు అద్దంలోంచి తప్ప చూడలేదు. కీర్తి ఎక్కాలంటే నేను ఉండగానే ఎక్కాలి, నేను వెనక కూర్చుని చెప్పాలి. నేను చెబుతుంటే ఎవరూ కాదనరు. చెప్పడానికి నోరుండాలి కదా. ఇప్పటికే నా మాట బయటివాళ్ళకు అర్థం కావడం లేదు. కీర్తికి అవుతోంది, కొన్నిసార్లు రెండోసారి చెబితే. డాక్టరు ఎక్కువ కాలం ఉండదన్నాడు. మాట పోకముందే కీర్తికి బండి నేర్పాలి. నాకు మిగిలిన పని ఇదొక్కటే. తొందరగా పంపు.

నీ
తేజ


కోయంబత్తూరు,
అక్టోబరు 2024

తేజా,

నీ కొలతలు అందాయి. ఆలస్యమవుతోంది, ఏమనుకోకు. సరైన పైపు దొరకలేదు. దొరికేసరికి వెల్డర్ ఊరెళ్ళాడు. తర్వాత ఆయుధపూజ సెలవులు. పాత ఆర్మ్‌లు ఎక్కడ పెట్టానో వెతకాలి, ఈ షాపులో ఏదీ పెట్టిన చోట ఉండదు.

అయినా అంత తొందరేముంది? ఎడమచెయ్యి బాగానే ఉందన్నావుగా. ఈ లోపు నువ్వే తిరుగుతూ ఉండు. చలి తగ్గాక తీరిగ్గా మారుద్దాం.

గణేష్


మొగల్తూరు,
నవంబరు 2024

గణేషు

డబ్బా రాలేదు.

నిన్న అమ్మతో ఒక మాట చెప్పాను. ఏంటి నాన్నా అంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఏంటి నాన్నా అంది. కీర్తి వచ్చి చెప్పింది.

పాత ఆర్మ్‌లు నీ షాపులో తలుపు వెనక మేకుకు ఉన్నాయి. ఇక్కడికి వచ్చినప్పుడు నువ్వే చెప్పావు.

ఎందుకు ఆపావో తెలుసు. తిట్టను. పంపు.

తే


కోయంబత్తూరు,
డిసెంబరు 2024

తేజా,

అన్నీ పంపుతున్నాను. రెండు పెట్టెలు. ఇక్కడి నుంచి తెలిసిన లారీలో నేరుగా మీ గట్టు దగ్గరికే వస్తాయి.

ఆర్మ్‌లు తలుపు వెనకే ఉన్నాయి. షాపు మూసినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. పైపు దొరికింది, వెల్డర్ ఎక్కడికీ పోలేదు. నీ కొలతల మీద కట్టిన బండిని నేనే మళ్ళీ విప్పితే నువ్వు ఇక దాని మీద కూర్చోవని ఒప్పుకున్నట్టే కదా. అది నా వల్ల కాలేదు. నువ్వు చెరువుల గురించి, కీర్తిప్రియ గురించి ఆలోచించావు. నేను నా గురించి ఆలోచించాను. నీకు మిగిలిందే తక్కువ, అందులోంచి నాలుగు నెలలు నేను తినేశాను. తిట్టనన్నావు. తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు వెనక కూర్చుని చెప్పడానికి రెండో సీటు చేశాను. నీ నడుము పట్టె లాంటిదే దానికీ బిగించాను. పక్కన పట్టుకునే కడ్డీలున్నాయి. చెల్లెమ్మ భుజం మీదుగా నీకు దారి కనబడేలా ఎత్తు పెట్టాను. దగ్గరగా కూర్చుంటావు కాబట్టి చిన్నగా చెప్పినా ఆమెకు వినబడుతుంది.

పెట్టె అందగానే మొదలుపెట్టు. ఒక్క రోజు కూడా ఆగకు.

నీ
గణేష్


మొగల్తూరు,
ఫిబ్రవరి 2025

గణేష్ అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీరు ఆయన కార్యానికి వచ్చినప్పుడు జనం మధ్య మీతో మాట్లాడటం కుదరలేదు. మీరు కూడా ఎవరి మొహమూ చూడకుండా షెడ్డులో ఆ బండి పక్కనే కూర్చుండిపోయారు. ఫోన్ చేద్దామని చాలాసార్లు తీశాను, మళ్ళీ పెట్టేశాను. మీ ఇద్దరూ రాసుకున్నట్టే నేనూ రాస్తున్నాను.

మీ పెట్టెలు వచ్చిన రోజు సంగతి మీకు చెప్పాలి. పార్టులన్నీ చిట్టియ్య, భీమవరం నుంచి వచ్చిన మెకానిక్కు కలిసి బిగించారు. ఆయన కుర్చీలో కూర్చుని చూశారు. ఏదైనా తప్పుగా బిగిస్తే మూలిగేవారు, వాళ్ళు విప్పి మళ్ళీ బిగించేవారు. మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గరికి బయల్దేరాం. అత్తయ్యగారు వద్దంటారని భయపడ్డాను. ఆవిడ చెప్పుల్లేకుండా గట్టు దాకా మాతో వచ్చారు. ఆయన్ని బండి మీద కూర్చోబెట్టేటప్పుడు కాళ్ళు పట్టుకున్నది ఆవిడే.

మీరు పెట్టిన వెనక సీటు సరిగ్గా సరిపోయిందండి. చిట్టియ్య తన కండువాతో ఆయన్ని పట్టెకు వదులుగా కట్టాడు, మీరు కట్టొద్దన్న సంగతి వాడికి తెలియదు. ఆయన గడ్డం నా భుజం మీద ఆనింది. వేలితో నొక్కితే బండి ఒక్కసారి ముందుకు ఉరికింది. నేను కేక వేశాను. ఆయన వెనక నుంచి నవ్వారు. ఆ నవ్వు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

తిన్నగా బాగానే వెళ్ళాను. చివర్లో రెండు చెరువుల మధ్య గట్టు మలుపు ఉంది, మీకు తెలుసుగా, రెండు పక్కలా నీళ్ళు. అక్కడ నాకు చేతులు ఆడలేదు, ఆపేశాను. అప్పుడు ఆయన నా చెవి దగ్గర ఏదో చెప్పారు. "ఏంటండీ?" అన్నాను. మళ్ళీ చెప్పారు. నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి ఆయన మొహం చూస్తూ మూడోసారి చెప్పించుకున్నాను. మెడ నరాలు ఉబ్బేలా చెప్పారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతకు ముందు వారం దాకా ఆయన మాట నాకు అర్థమయ్యేది అన్నయ్యా. అత్తయ్యగారికీ, డాక్టరుకీ, చిట్టియ్యకీ నేనే చెప్పేదాన్ని.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూడలేకపోయాను. "ఆ, అర్థమైందండీ, అలాగే చేస్తాను" అన్నాను. ముందుకు తిరిగి ఏదో చేశాను, ఏం చేశానో నాకే తెలియదు, బండి మలుపు తిరిగింది. ఆయన తల నా భుజం మీద వాల్చేశారు. తిరిగి ఇంటికొచ్చేదాకా ఇంకేమీ చెప్పలేదు. తాను చెప్పింది నేను నేర్చుకున్నాననుకున్నారు. ఆ సాయంత్రమే పొలమారి జ్వరం వచ్చింది. తర్వాత ఆసుపత్రి, గొట్టాలు. మళ్ళీ మాట్లాడే ప్రయత్నం చెయ్యలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున, సాయంత్రం చెరువుల చుట్టూ వెళ్తున్నాను. ఊళ్ళో వాళ్ళు మొదట్లో ఆగి చూశారు, ఇప్పుడు చూడటం లేదు. బండి బాగుంది. ఆ మలుపు దగ్గర మాత్రం ఆపుతాను. వేలు తియ్యమన్నారో, నొక్కమన్నారో, లోపలి అంచు చూసుకోమన్నారో. బండి సంగతే కాదేమో, ఇంకేదైనా చెప్పారేమో. ఇన్నేళ్ళు ఆయనతో బండి గురించి మాట్లాడిన వాళ్ళు మీరొక్కరే. అక్కడ ఆయన ఏం చెప్పి ఉంటారో మీకేమైనా తెలుస్తుందా?

మీ పెట్టె ఒక్క నెల ముందు వచ్చి ఉంటే నాకు అర్థమయ్యేది. మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు. మీరెందుకు ఆపారో ఆయన చెప్పారు, నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఎవరికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఆయన అన్ని నెలలు దాచుకున్న మాట నాకు చెప్పారు, నేను అర్థమైందని అబద్ధం చెప్పాను, ఆయన నమ్మి వెళ్ళిపోయారు.

మీ చెల్లెలు
కీర్తిప్రియ